మూడు కార్డులే కదా!

మొన్న శుక్రవారం భోజనాల దగ్గర మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు గిటార్ కొన్నానని చెప్పాడు. సంతోషం. ఏం నేర్చుకుంటున్నావు తమ్ముడూ అంటే, "బ్లూస్ అన్నా. ఈజీ కదా, మూడు కార్డులు, ఒక స్కేలు. రెండు వీకెండ్లు కూర్చుంటే అయిపోద్ది" అన్నాడు. పక్కనున్న మేనేజరు గారు కూడా తలూపి, "అవునవును, అన్నిట్లోకీ సులువైంది అదే. నేనూ రిటైరయ్యాక మొదలుపెడదామనుకుంటున్నా" అన్నారు. నోట్లో పెరుగన్నం ఉండబట్టి అప్పుడేమీ అనలేకపోయాను. ఇదిగో, ఇప్పుడంటున్నాను.

(కార్డులంటే ఏటీఎం కార్డులు కావు లెండి. గిటార్ మీద మూడు నాలుగు స్వరాలు కలిపి మోగిస్తే దాన్ని కార్డ్ అంటారు.)

ముందే చెప్పేస్తున్నా, ఆ కుర్రాడి మీద నాకేం కోపం లేదు. నాలుగేళ్ళ క్రితం అదే మాట, అదే ధీమాతో నేనూ అన్నాను. అందుకుగాను రెండేళ్ళ కాలాన్నీ, కొంత డబ్బునీ, 200 మంది ముందు పరువునీ సమర్పించుకున్నాను. నా కోపమంతా ఆ మాటని మా ఇద్దరికీ ఎక్కించిన వాళ్ళ మీద.

చిక్కేమిటంటే, ఆ మాట అబద్ధం కాదు. మామూలు బ్లూస్ పాట 12 బార్ల చట్రం. 'ఈ' శ్రుతిలో వాయిస్తే మొదటి నాలుగు బార్లు ఈ, తర్వాత రెండు ఏ, మళ్ళీ రెండు ఈ, ఒకటి బీ, ఒకటి ఏ, చివరి రెండు ఈ. అంతే. అయిదు నిమిషాల్లో బట్టీ పట్టేయొచ్చు. ఆ మాటకొస్తే మూడు కార్డులు కూడా ఎక్కువే. జాన్ లీ హూకర్ చాలా పాటల్ని ఒక్క కార్డ్ మీదే లాగించేశాడు. కార్డులు తగ్గేకొద్దీ సులువయ్యే లెక్కయితే, హూకర్ పాట అన్నిటికంటే సులువుగా రావాలి. ఎవరైనా ఒక్కసారి ఆయనలా వాయించి చూపించండి, నా గిటార్ మీకిచ్చేస్తాను.

ఆన్సీ సి భాషలో 32 కీవర్డులే ఉన్నాయి కదా అని, రెండు వీకెండ్లలో ఆపరేటింగ్ సిస్టమ్ రాసేస్తానని ఎవరైనా అంటే మనం ఏమంటాం? నవ్వుతాం. మరి సంగీతం దగ్గరకొచ్చేసరికి ఆ నవ్వు ఎక్కడికి పోతుందో!

ఇక నా భాగోతం వినండి.

నేను చేరిన గిటార్ క్లాసులో (పేరెందుకు లెండి) మొదటి ఆరు నెలలూ సినిమా పాటలకి కింద-పైన, కింద-పైన అని చెయ్యి ఊపటం నేర్పారు. తర్వాత బ్లూస్ కావాలని అడిగితే ఒక జిరాక్సు కాగితం ఇచ్చారు. దాన్నిండా చుక్కలు. మైనర్ పెంటటానిక్ స్కేలు, అయిదు గళ్ళ బొమ్మలు. "ఇది వచ్చేస్తే బ్లూస్ వచ్చేసినట్టే. నెట్లో బ్యాకింగ్ ట్రాక్ పెట్టుకుని ఈ చుక్కల మీద తిరుగు" అన్నారు. నేనసలే ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. చుక్కలిస్తే కలపకుండా ఉంటానా? ఎక్సెల్ షీటు తెరిచాను. తేదీ, ఏ బొమ్మ, మెట్రోనోమ్ ఎంత వేగం, అన్నీ నింపాను. నిమిషానికి 60 దెబ్బల నుంచి 160కి చేరడానికి ఏడాదిన్నర పట్టింది. గ్రాఫు గీస్తే ముచ్చటగా పైకే వెళ్ళింది. ఆ గ్రాఫుని నలుగురికీ చూపించాను కూడా. సిగ్గు లేకుండా.

ఆఫీసు యాన్యువల్ డే వచ్చింది. స్టేజి ఎక్కాను. ల్యాప్‌టాప్‌లో బ్యాకింగ్ ట్రాక్, దానికి బ్లూటూత్ స్పీకరు. డ్రమ్ములు, బేసు మోగుతుంటే నేను చుక్కల మీద గుర్రం పరిగెత్తించాను. జనం ఈలలు కూడా వేశారు. నిమిషంన్నర గడిచాక బ్లూటూత్ తెగిపోయింది. డ్రమ్ములు లేవు, బేసు లేదు. చేతిలో గిటార్ ఉంది, ఎదురుగా 200 మంది ఉన్నారు, నా దగ్గర వాయించడానికి మాత్రం ఏమీ లేదు. రెండు స్వరాలు మోగించాను. అవి అలా గాల్లో వేలాడాయి. తాళం ఎక్కడుందో నాకే తెలియదు. ఎవరో దయగలవాళ్ళు చప్పట్లు మొదలుపెట్టి నన్ను కిందికి దింపారు.

ఆ రాత్రి నాకర్థమైందేమిటంటే, రెండేళ్ళుగా నేను గిటార్ వాయించలేదు. ఎవరో వాయిస్తుంటే దాని మీద కూర్చుని ఊరేగాను.

అసలు సంగతికొద్దాం. అకూస్టిక్ గిటార్ మీద బ్లూస్ అంటే ఒక్క మనిషి వ్యవహారం. వెనక బృందం ఉండదు. డ్రమ్మరు, బేసు వాయించేవాడు, పాటగాడు, పాటగాడికి బదులు పలికేవాడు, అందరూ ఆ ఒక్కడే. అందులో మొదటి ఇద్దరి పనీ కుడిచేతి బొటనవేలిది. ముందు నేర్చుకోవాల్సింది దాన్ని. నా జిరాక్సు కాగితంలో ఎడమచేతి వేళ్ళకి అయిదు బొమ్మలున్నాయి గానీ, బొటనవేలు గురించి ఒక్క ముక్క లేదు.

ఈ బొటనవేలు పనిలో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ఒకే లావు తీగ మీద బారుకి నాలుగు దెబ్బల చొప్పున గడియారంలా కొడుతూ పోవటం. టెక్సాస్ మాన్స్ లిప్స్‌కోంబ్, బిగ్ బిల్ బ్రూంజీ వాయించింది వింటే ఇది తెలుస్తుంది. రెండోది, రెండు లావు తీగల మధ్య ఊగటం, ఆరో తీగ, నాలుగో తీగ, మళ్ళీ ఆరు, మళ్ళీ నాలుగు. మిసిసిపీ జాన్ హర్ట్ దీనికి పెట్టింది పేరు. ఈ బొటనవేలు ఆడుతూ ఉండగా చూపుడువేలు, మధ్యవేలు సన్న తీగల మీద పాట పలికించాలి. మన భాషలో చెప్పాలంటే బొటనవేలు బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్. పైన ఏ అప్లికేషన్ కూలినా అది ఆగకూడదు.

వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఇది. బొటనవేలు ఆడుతుండగా ఎదుటివాళ్ళకి మీ ఫోన్ నంబరు పైకి చెప్పండి. అంకెలతో పాటు వేలు కూడా తడబడితే ఇంకా రాలేదన్నమాట. నాకు దాదాపు 40 రోజులు పట్టింది. ఆ 40 రోజులూ ఒకే తీగ. పక్క ఫ్లాటాయన లిఫ్టులో కనపడి, "బాబూ, గిటార్ రిపేరుకొచ్చిందా?" అని అడిగాడు.

ఇంకోటి, ఆ దెబ్బ నడక. బ్లూస్ షఫుల్ మామూలు ఒకటి-రెండు కాదు. ప్రతి దెబ్బనీ మూడు ముక్కలు చేసి, మొదటిదీ మూడోదీ పలికించి మధ్యది మింగేస్తారు. మన తిశ్ర నడ తెలిసినవాళ్ళకి ఒక్క మాటలో చెప్పొచ్చు. 'తకిట'లో 'కి'ని మనసులో ఉంచుకుని 'త', 'ట' మాత్రం వాయించటం. ఆ మింగేసిన 'కి' ఎంతసేపుంటుందో ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. ఇది ఏ కాగితం మీదా పడదు, చెవితో పట్టుకోవాల్సిందే.

ఇప్పుడు స్కేలు సంగతి. 'ఈ' శ్రుతిలో మైనర్ పెంటటానిక్ అంటే మన లెక్కలో షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశిక నిషాదం. శుద్ధ ధన్యాసి స్వరాలు కూడా ఇవే. ఇది తెలిసిన రోజు నేను ఎగిరి గంతేశాను, "బ్లూస్ అంటే మన శుద్ధ ధన్యాసేనోయ్!" అని అందరికీ ఫార్వర్డ్ చేశాను. ఎంత తెలివితక్కువతనమో! అయిదు స్వరాలు ఒకటైతే రెండూ ఒకటైపోతే, తెలుగులో రాసిన ప్రతిదీ భాగవతమే కావాలి.

ఆ తెలివితక్కువతనం వదిలించింది మా అమ్మ. యాన్యువల్ డే అయ్యాక వచ్చిన సంక్రాంతికి గిటార్ తీసుకుని తెనాలి వెళ్ళాను. అమ్మ పెళ్ళికి ముందు ఏడేళ్ళు వీణ నేర్చుకుంది. ఆ వీణ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ గుడ్డ కప్పుకుని బీరువా పైనే ఉంది. బ్లూస్ అనే మాట అమ్మ ఎప్పుడూ విని ఎరగదు. వంటింట్లోంచి కాసేపు విని, బయటికొచ్చి, "ఒరేయ్, ఆ 'గ' ఏంట్రా అలా కర్రలా నిలబెట్టావ్? కాస్త లాగు" అంది.

నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే బ్లూస్‌లో అసలు ప్రాణం ఆ 'గ' దగ్గరే ఉంది. కింద మోగే ఈ-సెవెన్త్ కార్డ్‌లో ఉన్నది అంతర గాంధారం. పైన పాటలో ఉన్నది సాధారణ గాంధారం. నిలబెడితే రెండూ కొట్టుకుంటాయి. బ్లూస్ వాళ్ళు ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో, పియానో మీద మెట్టు లేని చోట పలుకుతారు. గిటార్ మీద సన్న తీగ మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, తీగని ఒక్క పిసరు పక్కకి లాగితే అది వస్తుంది. వీణ మీద మెట్టుకి అడ్డంగా తీగ లాగే గమకం నేర్చిన చెవికి నా తప్పు వంటింట్లోంచే దొరికిపోయింది. ట్యాబ్ కాగితం మీద మాత్రం అక్కడ '3' అని రాసి ఉంటుంది.

"మరి తాళం ఎవరేస్తున్నారు?" అని కూడా అడిగింది. నేను బొటనవేలు చూపించాను. "మాకు చిటికెనవేలు" అంది అమ్మ. నిజమే కదండీ! వీణకి నాలుగు తీగలు మెట్ల మీద, మూడు తాళం తీగలు పక్కన. చూపుడువేలు, మధ్యవేలు పాట మీటుతుంటే చిటికెనవేలు ఆ పక్క తీగల మీద తాళం వేస్తుంది. ఒక్క మనిషి రెండు పనులు చెయ్యాలనే సూత్రం మా బీరువా మీదే ఉండగా, నేను దాన్ని ఎక్సెల్లో వెతుక్కున్నాను.

ఇక్కడ వస్తువు గురించి కూడా ఒక మాట. ఎలక్ట్రిక్ గిటార్ మీద బీబీ కింగ్ తీగని అంత దూరం లాగుతాడు గనుక మనమూ లాగుదామని అకూస్టిక్ మీద వేళ్ళు కోసుకునే వాళ్ళని చాలామందిని చూశాను. ఎలక్ట్రిక్ గిటార్ మూడో తీగ మామూలుగా ఒట్టి సన్న తీగ. స్టీలు తీగల అకూస్టిక్ మీద సాధారణంగా అదే మూడో తీగకి పైన ఇంకో తీగ చుట్టి ఉంటుంది, మొత్తం తీగలూ లావే. అంత లాగితే అది కదలదు, మన చర్మం కదులుతుంది. అకూస్టిక్ బ్లూస్‌లో ఆ పిసరు లాగుడే ఎక్కువ. ఈ తేడా చెప్పకుండా ఎలక్ట్రిక్ సోలోలు అకూస్టిక్ మీద నేర్పేవాళ్ళని ఏమనాలో మీరే చెప్పండి.

"ట్యాబ్ అంటే అంత ద్వేషమా?" అంటారేమో. లేదు. ట్యాబ్ ఊరి పటం లాంటిది. దారి తప్పినప్పుడు చూసుకోవాలి. పటం చూసి ఊరు తిరిగొచ్చామనకూడదు. ముందు పాట వినండి, పదిసార్లు, ఇరవైసార్లు. గొంతుతో పాడండి. ఇది చాలామంది ఎగ్గొడతారు. బ్లూస్‌లో ఒక చరణం పాడి, దాన్నే మళ్ళీ పాడి, మూడోదానితో ముడి విప్పుతారు. నాలుగేసి బార్ల ప్రతి పంక్తిలోనూ గొంతు దాదాపు సగం దూరమే వెళ్ళి ఆగుతుంది, మిగతా సగంలో గిటార్ బదులు చెబుతుంది. మన బుర్రకథలో వంతగాడు అందుకున్నట్టు. కథకుడే లేకుండా వంతగాడు ఒక్కడే గంటసేపు మాట్లాడితే ఎలా ఉంటుంది? పాట లేని మన పెంటటానిక్ సోలోలు అచ్చం అలాగే ఉంటాయి.

ఇక నాకు బాగా ఒళ్ళు మండే కథ ఒకటుంది. రాబర్ట్ జాన్సన్ అర్ధరాత్రి నాలుగు రోడ్ల కూడలిలో దయ్యానికి ఆత్మ అమ్ముకుని గిటార్ విద్య సంపాదించాడనేది. ప్రతి వీడియోలోనూ ఇదే. ఆయన మొదట్లో ఏమీ రాని కుర్రాడని, మా గిటార్లు తీసుకుని గోల చేసేవాడని, కొంతకాలం మాయమై తిరిగొచ్చేసరికి అద్భుతంగా వాయించాడని సన్ హౌస్ చెప్పాడు. ఆ మధ్యలో జరిగిందేమిటి? ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటారిస్టుని ఆశ్రయించాడు. రాత్రుళ్ళు నిశ్శబ్దంగా ఉంటుందని ఇద్దరూ శ్మశానంలో కూర్చుని సాధన చేసేవారని జిమ్మర్‌మన్ ఇంటివాళ్ళే చెప్పారు. అంటే ఒక గురువు, ఒక శిష్యుడు, బోలెడన్ని రాత్రులు. తర్వాత 1936లో, 1937లో రికార్డు చేసినవి 29 పాటలు. 1938లో చనిపోయేనాటికి 27 ఏళ్ళు, ఇంచుమించు నా వయసు.

అంత కష్టపడినవాడి శ్రమని తీసుకెళ్ళి దయ్యం ఖాతాలో వేశారు. ఎందుకంటే మనకి ఆ కథే కావాలి. ఒక్క రాత్రిలో, ఒక్క సంతకంతో, సాధన లేకుండా విద్య. '15 రోజుల్లో గిటార్' అని అమ్ముతున్న క్రాష్ కోర్సులన్నిటికీ మూలపురుషుడు ఆ దయ్యమే. ఫీజు మాత్రం ఇప్పుడు ఈఎమ్ఐల్లో కట్టొచ్చు.

దీనికి తోబుట్టువు ఇంకో వాదన. "ఏసీలో కూర్చునే నీకు బ్లూస్ ఎలా వస్తుంది? కష్టాలుండాలి" అని. దీనికి జవాబుగా మనవాళ్ళు కొందరు అప్రైజల్ రాలేదని, ఆన్‌సైట్ పోయిందని బ్లూస్ కట్టేస్తారు. రెండూ తప్పే. ఈ పాటలు కట్టిన నల్లజాతి మనుషుల్లో చాలామంది వేరేవాళ్ళ భూమిలో పత్తి పండించి, పంటలో వాటా భూస్వామికిచ్చి, విత్తనానికీ తిండికీ చేసిన అప్పు తీరక మళ్ళీ అదే భూమికి కట్టుబడ్డవాళ్ళు. పైన జాతి వివక్ష చట్టాలు. మన రేటింగుని దాని పక్కన పెట్టడం సిగ్గుచేటు. అలాగని వాళ్ళు ఎప్పుడూ ఏడుస్తూ కూర్చోలేదు. శనివారం రాత్రి జనం చిందేయడానికి వాయించిన సంగీతం కూడా ఇదే. వెటకారం, సరసం, హాస్యం బోలెడు. వాళ్ళ బాధని అరువు తెచ్చుకోనక్కర్లేదు. వాళ్ళు చేసిన సాధనని గౌరవిస్తే చాలు.

చివరిగా "టైమెక్కడిది?" అనే మహామంత్రం. జాన్ హర్ట్ 1928లో రికార్డులిచ్చాడు. అవి పెద్దగా అమ్ముడుపోలేదు. తిరిగి మిసిసిపీలోని అవలాన్ అనే తన పల్లెకి పోయి 35 ఏళ్ళు పొలం పనులు చేసుకున్నాడు. ఆయన పాటలోనే ఊరి పేరుందని గమనించి 1963లో వెతుక్కుంటూ వెళ్తే, అక్కడే ఉన్నాడు. అదే ఏడాది న్యూపోర్ట్ ఉత్సవంలో డెబ్బై ఏళ్ళ వయసులో వాయించాడు. 1966లో పోయాడు. మాన్స్ లిప్స్‌కోంబ్ జీవితమంతా వ్యవసాయమే, 1960లో మొదటి రికార్డు వచ్చేనాటికి 65 ఏళ్ళు. ఎలిజబెత్ కాటన్ చిన్నప్పుడే పాట కట్టి, పెళ్ళయ్యాక గిటార్ మానేసి, దశాబ్దాల తర్వాత సీగర్ కుటుంబం ఇంట్లో పనిమనిషిగా ఉండగా గోడకున్న గిటార్ తీసి మళ్ళీ మొదలుపెట్టింది. 1958లో మొదటి ఆల్బమ్, తొంభయ్యేళ్ళు పైబడ్డాక గ్రామీ. ఆవిడ ఎడమచేతివాటం. గిటార్‌ని తలకిందులుగా పట్టుకుని, వేళ్ళతో బేసు, బొటనవేలితో పాట వాయించేది. నేను పైన చెప్పిందానికి పూర్తిగా రివర్సు. కాబట్టి ఏ వేలన్నది కూడా శాసనం కాదు. తాళం ఎవరో ఒకరు మొయ్యాలి, అంతే.

కాటన్ కథ ఫోనులో చెబితే అమ్మ ఊఁ కొట్టింది. వీణ దించమంటావా అంటే, "తీగలు తుప్పు పట్టుంటాయిరా" అంది. వద్దనైతే అనలేదు. ఈసారి వెళ్ళేటప్పుడు తీగలు కొనుక్కెళుతున్నాను.

ఇక మూడు కార్డులే కదా అనే మహానుభావులకు నాదొక పందెం. స్కేలు వద్దు, ట్యాబ్ వద్దు, బ్యాకింగ్ ట్రాక్ అసలే వద్దు. కార్డులు మూడు కాదు, ఒక్కటి కూడా వద్దు. అన్నిటికంటే లావు తీగ ఒక్కటి, మీ బొటనవేలు ఒక్కటి. రెండు నిమిషాలు. వినేవాడి కాలు దానంతటది ఊగాలి.

ఊగితే నాకు చెప్పండి. ఊగకపోతే మా కుర్రాడితో పాటు మీరూ రండి, శనివారం మా ఫ్లాట్లో కూర్చుందాం. పక్క ఫ్లాటాయనకి నేను నచ్చజెప్పుకుంటాను.